పెద్దమ్మ ముగింపు ప్రార్థన

మొన్న టెక్సస్‌లో, కాపెల్ ఊళ్ళో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆదివారం నన్ను వాళ్ళ తెలుగు చర్చికి తీసుకెళ్ళారు. ఆరాధన అయ్యాక, ఆఫ్రికా వెళ్ళి వచ్చిన యువజనులు పెద్ద తెర మీద ఫొటోలు వేశారు. ఒక ఫొటోలో ఎర్రటి బురదలో జీపు ఇరుసు దాకా దిగబడిపోయి ఉంది. అక్కడి మనుషులు నలుగురు వెనక నుంచి నెడుతున్నారు. మన కుర్రాడొకడు ముందు నిలబడి రెండు వేళ్ళు చూపిస్తూ నవ్వుతున్నాడు. "వాట్ ఎ రైడ్, గయ్స్!" అన్నాడు మైకులో. హాలంతా నవ్వింది.

నేను లేచి బయటికి వచ్చేశాను. మా మరదలు వెనకాలే పరిగెత్తుకొచ్చి, "ఏమైంది వదినా, షుగర్ డౌన్ అయిందా?" అంది. షుగర్ దిగలేదు, కోపం ఎక్కింది అని చెప్తే మాత్రం ఆ పిల్లకేం అర్థమవుతుంది? బిస్కెట్లు తెచ్చిచ్చింది. తినేశాను. ఊరికే వచ్చినదాన్ని వదిలే వంశం కాదు మాది.

మా తాతది చీరాలలో ఉప్పు, మిరపకాయల కొట్టు. మా నాన్నది షికాగో పక్కన, షామ్‌బర్గ్‌కి వెళ్ళే దారిలో కిరాణా కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. ఇంగువ, తడిసిన అట్టపెట్టెలు, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లితే బూట్లకంటిన ఉప్పు, అన్నీ కలిసిన వాసనలో పెరిగాను నేను. బయట ఏ షాపులోనైనా చీటీ మీద ఉన్న ధర నోరు మూసుకుని ఇచ్చే డాక్టర్లు, ఇంజనీర్లు మా గడప దాటగానే చీరాల సంతలోకి వచ్చేసేవాళ్ళు. "కందిపప్పు ఇంతేమిటండీ, దేవుడికి భయపడండి" అనేవాళ్ళు. నాన్న గుండె మీద చెయ్యి వేసుకుని నష్టపోతున్నట్టు నిట్టూర్చి, లాభానికే ఇచ్చేవాడు. ఆ నిట్టూర్పు నాకు పదేళ్ళకే వచ్చేసింది. స్కూల్లో లైబ్రరీ పుస్తకం ఆలస్యమైతే ఆ జరిమానా మీద కూడా బేరమాడి, ఇంటికి చీటీ రాయించుకున్న ఘనత నాది.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. అమ్మా, పెద్దమ్మా ఒకే నర్సింగ్ స్కూల్లో చదువుకున్నారు. అమ్మ అమెరికా వచ్చింది. పెద్దమ్మ పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా, మిషన్ ఆసుపత్రి పని మీద జాంబియా వెళ్ళింది. మావాళ్ళు అమ్మ గురించి చెప్పేటప్పుడు "సెటిలయింది" అనేవాళ్ళు, పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి "పాపం" అనేవాళ్ళు. ఆ ఒక్క ముక్కకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేనింకా స్కూల్లో ఉండగా ఒక ఏడు, ఆకులు రాలే కాలంలో పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. ఎడమ చెయ్యి భుజం కంటే పైకి లేచేది కాదు. చెయ్యి సంగతి అడిగితే, "దారిలో పడ్డాను" అని మాట తప్పించింది. పెట్టె విప్పగానే ఇల్లంతా వాసన. నాన్న కింద నుంచి ముక్కు ఎగబీలుస్తూ మెట్లెక్కి వచ్చాడు.

"వదినగారూ, నెత్తళ్ళా?"

"నెత్తళ్ళకి పిన్నమ్మ కూతుళ్ళు మరిదిగారూ. అక్కడి ఎండుచేపలు, కపెంటా అంటారు."

టమాటా వేసి వేయించింది. గోంగూర దొరకని ఆ రోజుల్లో అమ్మ క్రాన్‌బెర్రీలతో పచ్చడి చేసేది. ఆ పచ్చడి, ఆ చేపలు, వేడన్నం. నాన్న మారు మాట లేకుండా మూడోసారి వడ్డించుకున్నాడు. నేను ఒక గుప్పెడు దొంగిలించి కొట్టులోకి తీసుకెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ రుచి చూపించి, "స్టాక్ అయిపోయిందండీ" అని ఊరించాను. ఇంకో నెల రోజులు నాన్నని జనం అడుగుతూనే ఉన్నారు.

మా చర్చి ఆంటీలు చూడ్డానికి వచ్చారు. "అక్కయ్యగారూ, అక్కడి ఎండకి బాగా రంగు తగ్గారండీ." "వాళ్ళ మధ్య ఒంటరిగా భయమెయ్యదూ?" అందరిదీ అదే వరస. అలా అంటున్నవాళ్ళు, అమెరికాలో తమ రంగు చూసి ఎవరో ఇల్లు అద్దెకివ్వలేదని మా కౌంటరు దగ్గరే కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు! పెద్దమ్మ టీ కప్పులు అందిస్తూ, "మీ హైవే మీద వేసినంత భయం నాకు అక్కడెప్పుడూ వెయ్యలేదమ్మా" అంది.

అసలు సంగతి, పప్పులో రాళ్ళు ఏరుతూ ఒక మధ్యాహ్నం చెప్పింది. అమ్మా, నేనూ ఉన్నాం.

వాళ్ళ ఆసుపత్రి నుంచి జీపులో దూరపు పల్లెలకు వెళ్ళేవాళ్ళట. "వానాకాలంలో అది దారి కాదే, కలిపిన రొట్టెల పిండి. చక్రం తిరుగుద్ది, బండి కదలదు. ముసలాయనొకడు సైకిలు భుజాన వేసుకుని, మనకి దండం పెట్టి మరీ దాటెళ్ళిపోతాడు."

జీపు నడిపేది ముసొండా. ఈ కథలో నేను ఎవరి పేరూ చెప్పదలుచుకోలేదు. చెప్తే ఈయన పేరొక్కటే చెప్తాను. ఎందుకంటే, ఆ పేరు చెప్పాల్సినవాళ్ళెవరూ చెప్పలేదు.

దారిలో వాగుల మీద వంతెనలంటే దుంగలు పరిచి తీగలతో కట్టినవే. వాన పడిన ప్రతిసారీ దుంగలు జరుగుతాయి. ముసొండాకి ఒక పద్ధతి ఉంది. వంతెన ముందు బండి ఆపి, జోళ్ళు విప్పి, దుంగ దుంగా మడమతో నొక్కుకుంటూ అవతలికి నడిచి వస్తాడు. ఊగే చోట పలకలు వేస్తాడు. తర్వాత అందర్నీ దింపేస్తాడు. రోగి ఉంటే మంచం మీద మోయించి ముందు అవతలికి పంపిస్తాడు. ఖాళీ బండిని ఒక్కడే దాటిస్తాడు. బిషప్పు వచ్చినా అదే పద్ధతి.

ఆ రోజు బండిలో అమెరికా నుంచి పని చూడ్డానికి వచ్చిన మిషన్ పెద్ద ఉన్నాడు. మావాళ్ళంతా ఆయన్ని దొరగారు అనేవాళ్ళు. వెనక పురిటి నొప్పులు పడుతున్న మనిషి, పక్కన పెద్దమ్మ. వంతెన దగ్గర ముసొండా ఆపి జోళ్ళు విప్పుతుంటే, దొరగారికి ఓపిక చచ్చిపోయింది. వెలుగుండగా చేరి ఫొటోలు తీసుకోవాలట. "నేను పొలంలో పుట్టినవాణ్ణి, పదేళ్ళప్పుడే ట్రాక్టర్ నడిపాను" అంటూ స్టీరింగు ముందుకు జరిగాడు. ముసొండా వంతెన మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతూ వద్దంటున్నాడు. ఆయన ఎక్కించేశాడు. ముసొండా పక్కకి దూకాడు. దుంగ తిరిగింది. జీపు ముక్కు వాగులో ఉంది.

పెద్దమ్మకి భుజం విరిగింది. ఆ విరిగిన భుజంతోనే ఒడ్డున పురుడు పోసింది. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

పెద్దమ్మని అటునుంచి అటే రాజధానిలో ఆసుపత్రికి పంపించారు. కట్టు విప్పేలోపు రిపోర్టు తయారైపోయింది. అజాగ్రత్తగా నడిపింది డ్రైవరట. ముసొండా ఉద్యోగం పోయింది, మిషన్ ఆవరణలోని ఇల్లు పోయింది, సొంతూరికి వెళ్ళిపోయాడు. చనిపోయిన బిడ్డ తల్లిది ఆయన ఊరే, పక్కిల్లే. నొప్పుల్లో ఉన్న ఆమెకి బండి నడిపిందెవరో తెలీలేదు, ముసొండా చెప్తే ఎవరూ నమ్మలేదట. ఆ ఊరివాళ్ళు ఆయన ఇంటికి నిప్పు ఇవ్వడం కూడా మానేశారట. పెద్దమ్మ పైవాళ్ళకి ఫోన్ చేసి చెప్తే, మీరు వెనక ఉన్నారు, దెబ్బ తగిలి ఉన్నారు, మీకు సరిగ్గా గుర్తుండదు అన్నారట.

"అందుకే వచ్చానే," అంది అమ్మతో. "ఆ దొరగారు ఈ ఊరి చర్చి మనిషి. ఈ చర్చి అడిగితే మిషన్ బోర్డు మాట మార్చుకోక తప్పదు. మిషన్ పనికి చందాలు పోగుచేసే మిషన్ సండే రోజు నన్ను మాట్లాడనిస్తే చాలు. ముసొండా పేరు బాగుపడాలి."

ఇక్కడ మా చర్చి సంగతి చెప్పాలి. మా తెలుగు సంఘం కూడుకునేది ఆ అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లోనే. ఒకప్పుడు మా జిల్లాలకు వచ్చి మా తాతలకు బాప్తిస్మమిచ్చిన దొరలూ ఆ మిషన్ వాళ్ళే. ఆ చుట్టరికంతోనే బేస్‌మెంట్ ఇచ్చారు. సంఘపెద్ద అంకుల్ ఇంజనీరు, పేరు ముందు డాక్టర్ అని కూడా ఉంటుంది. సంగతి చెవిన పడగానే కొట్టుకి వచ్చాడు.

"అక్కయ్యగారూ, మీ బాధ మాకు తెలీదనుకోకండి. కానీ టైమింగ్ చూసుకోవాలి. మిషన్ సండే వాళ్ళకి క్రిస్మస్ అంత. బేస్‌మెంట్ వాళ్ళది, హీటింగ్ వాళ్ళది, ఆఖరికి కాఫీ మెషీన్ కూడా వాళ్ళదే."

"జరిగింది చెప్పడానికి కాఫీ మెషీన్ ఎందుకు బాబూ?"

"అలా కాదండీ. వాళ్ళు ఆ కష్టాలు పడి, ఆ ఎండల్లో, ఆ దారుల్లో మన ఊళ్ళకి రాకపోతే మనం ఎక్కడుండేవాళ్ళం? కొంచెం గ్రాటిట్యూడ్ ఉండాలి కదా."

"మన ఊరికి వచ్చిన ఆ దొర ఎద్దుబండిలో పడుకుని వచ్చాడు నాయనా. ఆ బండి తోలుకొచ్చింది మా తాత. బడికి ఆ దొర పేరు పెట్టారు. మా తాత పేరు నీకు తెలుసా? పోనీ, నీ తాత ఏ పని చేసేవాడో నీ పిల్లలకి చెప్పావా?"

అంకుల్ మొహం ఎర్రబడింది. నాన్న వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి బ్రదర్."

కొత్తిమీర కట్ట మీద అరగంట వాదించగల మా నాన్న, ఆ రోజు తూకం రాయి తుడుస్తూ ఉండిపోయాడు. మా కొనుగోలుదార్లలో సగం మంది ఆ బేస్‌మెంట్‌లోనే ఉన్నారు మరి. నాకు ఒళ్ళు మండిపోయింది. కౌంటరు వెనక ఎత్తుపీట ఎక్కాను.

"అంకుల్, పెద్దమ్మకి ఇరవై నిమిషాలు ఇప్పించండి."

"ప్రోగ్రాం ఫుల్ అమ్మా."

"పది."

"చెప్పాను కదా, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే..."

"పోనీ ఒక పాట?"

"క్వాయర్ ఉంది."

"అయితే డిన్నర్‌కి చికెన్ కర్రీ ఎవరు చేస్తున్నారు అంకుల్?"

అంకుల్ తడబడ్డాడు. రెండు వందల మందికి కూర వండమని పెద్దమ్మనే అడిగారు. కారం తక్కువ, చీర కట్టుకుని రావాలి, వీలైతే పట్టుది. చేయెత్తలేని మనిషిని!

"వంటకి పనికొస్తుంది, స్టేజీకి పనికిరాదా? పోనీ లెండి, మీ మాటా వద్దు, నా మాటా వద్దు. ముగింపు ప్రార్థన. ఫైనల్."

అంకుల్ ఆలోచించాడు. "తెలుగులో అయితే... వాళ్ళకీ ముచ్చటగా ఉంటుంది. రెండు నిమిషాలు. ఓకే." పోతూ పోతూ ఒక గుప్పెడు కరివేపాకు కొసరు కూడా పట్టుకుపోయాడు.

బియ్యం అడగబోయి ఊక మూట కట్టుకున్నానని నేను ఏడుపు మొహం పెట్టాను. పెద్దమ్మ మాత్రం వచ్చిన తర్వాత మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. "మంచి బేరం చేశావే" అంది. ఓదార్పుకి అంటోందనుకున్నాను.

మిషన్ సండే సాయంత్రం పెద్ద హాలు నిండిపోయింది. ముందు వరసల్లో అమెరికన్లు, వెనక మావాళ్ళు. కాఫీ, కొవ్వొత్తుల మైనం, మా పెద్దమ్మ కూర, అన్నీ కలిసిన వాసన. లైట్లు తీశారు. స్లైడ్ ప్రొజెక్టరు టకటకమంటూ ఏనుగుల్ని, సూర్యాస్తమయాన్ని, బడిపిల్లల్ని చూపించింది. దొరగారు పక్కన నిలబడి చెప్తున్నాడు. మంచి మాటకారి, తెల్లటి జుట్టు, అందరికీ తాతయ్యలాంటివాడు. ఆయన్ని చూసి నాకే ఒక క్షణం నమ్మబుద్ధేసింది. అది తలుచుకుంటే ఇంకా మండుతుంది.

తర్వాత ఆ స్లైడ్ వచ్చింది. వాగులో ముక్కు ముంచిన జీపు.

"మా డ్రైవరు మాకు ఆ రోజు ఈత నేర్పాలనుకున్నాడు," అన్నాడు దొరగారు. అందరూ పగలబడి నవ్వారు. మా అంకుల్ అందరికంటే ఒక క్షణం ఎక్కువ నవ్వాడు.

పెద్దమ్మ నా పక్కనే ఉంది. నవ్వు ఆగే దాకా ఆ తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఫొటోలో ఒడ్డున ఒక మూలగా, గుడ్డ కప్పి ఏదో చిన్న మూటలాంటిది ఉంది. అదేమిటో ఆ హాలులో ఇద్దరికే తెలుసు.

లైట్లు వేశాక ఆ చర్చి అమెరికన్ పాస్టరుగారు, "ఇప్పుడు మన ఇండియన్ సిస్టర్ తన సొంత భాషలో ప్రార్థిస్తారు" అన్నాడు. పెద్దమ్మ నడిచి వెళ్ళి మైకు ముందు నిలబడింది. అందరూ తలలు వంచారు.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ, నీకు వందనాలు, స్తోత్రాలు," అని మొదలుపెట్టింది. మావాళ్ళు అలవాటుగా "స్తోత్రం" అన్నారు. "తండ్రీ, ఈ గదిలో నీకూ మాకూ తప్ప మిగతావాళ్ళకి తెలుగు రాదు. అందుచేత నీతో ఇంగ్లీషులో మాట్లాడతాను. మన్నించు."

తర్వాత నర్సు ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా.

"ప్రభువా, ఆ రోజు ఆ బండిని ఎవరు నడిపారో నువ్వు చూశావు."

కళ్ళు మూసుకోవాల్సినప్పుడు తెరవడం నా పాత అల్లరి. తెరిచి చూశాను. దొరగారి కళ్ళు కూడా తెరుచుకునే ఉన్నాయి.

"ముసొండా వంతెన మీద చేతులు ఊపి వద్దన్నాడు. అదీ నువ్వు చూశావు."

సంగతి అర్థమైన అంకుల్, ప్రార్థన ముగించేద్దామని గట్టిగా "ఆమేన్!" అన్నాడు. పాపం, మావాళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడు అది మర్చిపోవచ్చా? తెలుగు చర్చిలో ప్రార్థన మధ్యలో ఆమేన్ అంటే ఆపమని కాదు, కానివ్వమని. వెనక వరసల్లో ఆంటీలంతా ఒక్క గొంతుతో "ఆమేన్! స్తోత్రం!" అన్నారు. పెద్దమ్మ గొంతు ఇంకా లేచింది.

"నొప్పులు పడుతున్న మనిషిని దింపనివ్వలేదు. నేను ఒడ్డున బిడ్డని పట్టాను. నువ్వు ఆ బిడ్డని నీ దగ్గరికి తీసుకున్నావు. ఇప్పుడు మేము నవ్విన ఫొటోలో, ఎడమ పక్కన గుడ్డ కప్పి ఉన్నది ఆ బిడ్డే."

"ఆమేన్!" అన్నాడు అంకుల్, ఇంకా గట్టిగా. ఈసారి ఎవరూ తోడు రాలేదు.

"ప్రభువా, ముసొండా మీద చేయని తప్పు రాశారు. అతని పిల్లలకి ఊళ్ళో నిప్పు ఇచ్చేవాళ్ళు లేరు. నిజం తెలిసినవాళ్ళ నోళ్ళు తెరువు. మేము తినబోయే ఈ భోజనాన్ని దీవించు. యేసు నామంలో, ఆమేన్."

తర్వాత కుర్చీల చప్పుడు, పళ్ళేల చప్పుడు. కూర గిన్నె ముందు వరస కట్టారు గానీ, పెద్దమ్మ మొహంలోకి ఎవరూ చూడలేదు. "బ్యూటిఫుల్ ప్రేయర్" అని ఒకరిద్దరు అన్నారు, పాట బాగుందన్నట్టు. దొరగారు తలనొప్పిగా ఉందని ఇంటికి వెళ్ళిపోయాడు. చేతికర్రతో నడిచే ఒక ముసలి అమెరికన్ అమ్మమ్మ మాత్రం వచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగింది. "ఆడపిల్ల," అంది పెద్దమ్మ. ఆవిడ చెయ్యి వదల్లేదు చాలాసేపు. అంతమందిలో మనిషి ఆవిడొక్కతే.

అంకుల్ పార్కింగ్ లాట్‌లో పట్టుకున్నాడు. "ప్రార్థనలో అలాంటివి తెస్తారా అక్కయ్యగారూ? దేవుడి ముందు పరువు తీశారు!"

"నేను దేవుడికి చెప్పుకున్నాను బాబూ. మీరెందుకు విన్నారు?"

పాస్టరుగారు మంచివాడే. ఆయన బోర్డుతో మాట్లాడాడు. మొదటి మంచు పడ్డ రోజుల్లో కొట్టుకి ఆయనే వచ్చాడు, వెనక అంకుల్. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"గుడ్ న్యూస్ అక్కయ్యగారూ!" అన్నాడు అంకుల్. "బోర్డు ముసొండాని క్షమించేసింది. మళ్ళీ పనిలో చేర్చుకుంటారట!"

పెద్దమ్మ బెల్లం దిమ్మ పగలగొడుతోంది. ఆపింది. "క్షమించారా? దేనికి?"

పాస్టరుగారు నేల చూపులు చూశాడు. రిపోర్టు మార్చడం కుదరలేదట. దొరగారి జ్ఞాపకం వేరేగా ఉందట. దొరికినదానిలో ఇదే మంచి మాటట.

అప్పుడు నాన్న తూకం దగ్గర నుంచి ఇవతలికి వచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో పాస్టరుగారితో అన్నాడు. "అయ్యా, నేను రోజూ బేరాలాడేవాణ్ణి. పుచ్చు సరుకుని తగ్గించి అమ్ముతాను, ఒప్పుకుంటాను. కానీ పుచ్చు మీది అయితే, ఆ పుచ్చు ఆయన సరుకులో ఉందని రాసి, దయతో తీసుకుంటున్నామంటారా? ఇలాంటి బేరం మా చీరాల సంతలో కూడా లేదండీ." ఆ ముక్క ముందే అనొచ్చు కదా అని ఇప్పటికీ అనుకుంటాను. అయినా అన్నాడు.

బేస్‌మెంట్‌కి ఏవో మరమ్మతులు వచ్చాయన్నారు. ఆ మరమ్మతులు ఇక అవలేదు. ఆ చలికాలమంతా మా సంఘం మా కొట్టులోనే, బియ్యం బస్తాల మీద కూర్చుని ఆరాధించుకుంది. అంకుల్ సంవత్సరం దాకా రాలేదు. ఆ తర్వాత కూడా పెద్దమ్మ పేరెత్తితే నిట్టూర్చేవాడు, మా పుణ్యమా అని పెద్ద సంఘంతో సంబంధం పోయిందని.

పెద్దమ్మ మంచు కరగక ముందే వెళ్ళిపోయింది. తర్వాతి సంగతి, మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు చెప్పింది. బోర్డు కబురు ముసొండాకి చెప్తే, ఆయన వద్దన్నాడట. మొక్కజొన్న మోసే లారీ ఒకటి నడుపుతున్నాడు. క్లినిక్ రోజుల్లో పెద్దమ్మ మిషన్ జీపు ఎక్కకుండా, మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ లారీలో బస్తాల మీద వెళ్ళేదట.

ముసొండా ఊరు వెళ్ళిన మొదటి రోజు, చెట్టు కింద అందర్నీ కూర్చోబెట్టి, వాళ్ళ భాషలో, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ జరిగింది జరిగినట్టు చెప్పింది. పెద్దలు అడిగారు. ఆమె మళ్ళీ చెప్పింది. బిడ్డ తల్లి లేచి ఇంట్లోకి వెళ్ళి, పొయ్యిలోంచి రెండు నిప్పు కణికలు పెంకు మీద పెట్టుకుని వచ్చి, ముసొండా భార్య పొయ్యిలో వేసి, అక్కడే కూర్చుని ఊదిందట.

చదువు రాని ఆ ఊళ్ళో ఒక్క పూటలో తేలిపోయింది. ఇన్ని డిగ్రీలున్న మా ఊళ్ళో ఇప్పటికీ తేల్లేదు.